లీన్ గైడ్లు రాసే పార్ట్‌టైమ్ పని: ఒప్పుకునే ముందు ఏం చూసుకోవాలి?

చీపురుపల్లి_లెక్కలు
అందరికీ నమస్కారం. విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. రియల్ అనాలిసిస్, ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా నా పేపర్లు. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ మ్యాథ్స్ డిపార్ట్‌మెంటు వాళ్లు పార్ట్‌టైమ్ పని ఇస్తామంటున్నారు. లీన్ అని, మనం రాసిన ప్రూఫ్‌ని కంప్యూటర్ చేత లైను లైనూ చెక్ చేయించే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దానికి బీఎస్సీ పిల్లల కోసం గైడ్లు రాయాలి. వారానికి 10 గంటలు, ఇంటి దగ్గర నుంచే, ఆరు నెలలు. డబ్బులు మాత్రం చాప్టర్ లెక్కన ఇస్తారట. 12 చాప్టర్లు.

లీన్ కాస్త వచ్చు. వేసవిలో సొంతంగా నేర్చుకున్నాను, చిన్న చిన్న గ్రూప్ థియరీ ప్రూఫులు చేయగలను. ఇలాంటి పని ఇంతకుముందు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వారానికి 10 గంటల్లో నిజంగా తెములుతుందా? చాప్టర్ లెక్క మేలా, గంట లెక్క మేలా? కాలేజీ వాళ్లతో ఏమైనా ఇబ్బంది వస్తుందా? సోమవారంలోగా వాళ్లకి జవాబు చెప్పాలి.

పలాస_జీడితోట
మేడమ్, ఇలా అన్నానని ఏమీ అనుకోకండి. ఈ గైడేదో చాట్‌బాట్‌ని అడిగితే అరగంటలో రాసి పడేస్తుంది కదా. మనిషికి డబ్బులిచ్చి రాయించుకోవడం ఎందుకు?

బొబ్బిలి_కోట
రాస్తుంది. నడవదు. అదే చిక్కు.

లీన్‌కి మ్యాథ్‌లిబ్ అని పెద్ద లైబ్రరీ ఉంది, ఇప్పటికే రుజువు చేసి పెట్టిన సిద్ధాంతాలు అందులో ఉంటాయి. 2023 జూలై నాటికి అది మొత్తం లీన్ 3 నుంచి లీన్ 4కి మారిపోయింది. అంతకుముందు రాసిన బ్లాగులు, పాఠాలు, వీడియోలు నెట్‌లో ఇంకా కుప్పలుగా ఉన్నాయి. అప్పట్లో ప్రూఫ్ 'బిగిన్'తో మొదలై 'ఎండ్'తో ముగిసేది, ఇప్పుడు 'బై' అని మొదలవుతుంది. పేర్లలో పెద్దక్షరం చిన్నక్షరం కూడా మారాయి. చాట్‌బాట్లు తరచూ ఈ రెండు కాలాలనీ కలిపేసి రాస్తాయి, పైగా లైబ్రరీలో లేని సిద్ధాంతాలకు కూడా ఉన్నట్టే పేర్లు పెట్టేస్తాయి. లీన్ వచ్చినవాడైతే చూడగానే పట్టుకుంటాడు. కొత్తగా నేర్చుకునే పిల్లాడికి ఎర్రగీత కనిపిస్తే తప్పు తనదో గైడ్‌దో తేల్చుకోలేక మూసేసి వెళ్లిపోతాడు.

బయట మాస్టర్స్ చేసేటప్పుడు యూనివర్సిటీలో పార్ట్‌టైమ్‌గా సరిగ్గా ఈ పనే చేశాను. ఇప్పుడు బెంగళూరులో హార్డ్‌వేర్ వెరిఫికేషన్‌లో ఉన్నాను. మేడమ్ అడిగినవాటికి తీరిగ్గా రాత్రి రాస్తాను.

నాగావళి_గట్టు
రిటైరయ్యేదాకా శ్రీకాకుళంలో సుద్దముక్కతోనే లెక్కలు చెప్పినవాణ్ని. నాకొక సందేహం. ప్రూఫ్ అంటే ఒక మనిషి ఇంకో మనిషిని ఒప్పించడం. మధ్యలో కంప్యూటర్ ఎందుకమ్మా? పిల్లలు ఇప్పటికే కాలిక్యులేటర్ లేకపోతే ఎక్కాలు చెప్పలేకపోతున్నారు. రేపు ప్రూఫ్‌కి కూడా బటన్ నొక్కుతారు.

పాలకొండ_రోడ్డు
మాస్టారూ నమస్కారం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాను. మనిషి మనిషిని ఒప్పించలేకపోయిన సందర్భాల్లోనే ఇది పనికొచ్చింది.

బంతులు లేదా నారింజలు పేర్చేటప్పుడు పిరమిడ్‌లా పేర్చడం కంటే దగ్గరగా పేర్చలేమని కెప్లర్ 1611లో అన్నాడు. 1998లో థామస్ హేల్స్ దాన్ని రుజువు చేశానన్నాడు. వందల పేజీలు, దానికి తోడు బోలెడు కంప్యూటర్ లెక్కలు. పత్రిక వాళ్లు 12 మంది పరిశీలకుల్ని పెట్టారు. ఏళ్ల తరబడి చూసి వాళ్లు చివరికి చెప్పిందేమిటంటే, 99 శాతం నమ్మకం ఉంది, పూర్తిగా చూశామని మాత్రం చెప్పలేం అని. హేల్స్‌కి అది మింగుడుపడలేదు. ఫ్లైస్పెక్ అని ప్రాజెక్టు మొదలెట్టి, హెచ్ఓఎల్ లైట్, ఇసబెల్ అనే ప్రూఫ్ చెకర్లతో అడుగు అడుగూ తనిఖీ చేయించి 2014లో ముగించాడు. మిగిలిన ఆ ఒక్క శాతం కోసం పదేళ్లు దాటింది.

నాలుగు రంగుల సిద్ధాంతం సంగతీ అంతే. పక్కపక్క ప్రాంతాలకి వేర్వేరు రంగులు పడాలంటే ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలనేది అది. 1976లో ఆపెల్, హాకెన్ కంప్యూటర్‌తో చేస్తే చాలామంది నమ్మలేదు. 2005లో గోంతియే దాన్ని కాక్ అనే ఇంకో ప్రూఫ్ చెకర్‌లో పూర్తిగా ఫార్మలైజ్ చేశాక, అంటే కంప్యూటర్ తనిఖీ చేయగల భాషలో రాశాక, ఆ గొడవ సద్దుమణిగింది.

నాగావళి_గట్టు
బాగుంది. అవి మహామహుల గొడవలు. బీఎస్సీ పిల్లాడికి దీనితో ఒరిగేదేమిటి?

ఎచ్చెర్ల_ట్రిపుల్‌ఐటీ
సార్, నేను చెప్పొచ్చా? నేను ఇక్కడ క్యాంపస్‌లో సీఎస్ఈ చదువుతున్నాను. లీన్ మీదే నడిచే నేచురల్ నంబర్ గేమ్ అని ఉంది, లండన్ ఇంపీరియల్ కాలేజీ ప్రొఫెసర్ కెవిన్ బజార్డ్, మొహమ్మద్ పెద్రామ్‌ఫర్ తయారుచేశారు. ఇప్పుడు జర్మనీలో డ్యూసెల్డార్ఫ్ యూనివర్సిటీ సర్వర్ మీద నడుస్తోంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్ చాలు. సున్నా, దాని తర్వాతి సంఖ్య, ఈ రెండిటితో మొదలుపెట్టి కూడిక, గుణకారం అన్నీ మనమే రుజువు చేసుకుంటూ పోవాలి. ఏ ప్లస్ బీ, బీ ప్లస్ ఏ సమానమని కూడా ఊరికే ఒప్పుకోదు.

ఇండక్షన్ మాకు ఇంటర్‌లో చెప్పారు సార్. 'కె కి నిజమనుకుందాం' అని రాసి, కింద నాలుగు లైన్లు ఏదో రాసి, 'కాబట్టి కె ప్లస్ 1 కి కూడా నిజం' అంటే మార్కులు పడేవి. అనుకున్నదాన్ని మధ్యలో ఎక్కడ వాడామని ఎవరూ అడగలేదు. ఇక్కడ ఆ హైపోథిసిస్ ప్యానెల్‌లో పేరుతో సహా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని మనం తీసుకొచ్చి వాడేదాకా గోల్, అంటే ఇంకా రుజువు చేయాల్సిన వాక్యం, అంగుళం కదలదు.

నాగావళి_గట్టు
ఇది నచ్చింది. పేపర్లు దిద్దేటప్పుడు నేను ఎర్ర ఇంకు ఒలకబోసింది సరిగ్గా అక్కడే.

బొబ్బిలి_కోట
రాత్రి రాస్తానన్నాను కదా, ఇదిగో. కొంచెం పొడుగ్గా ఉంటుంది.

గైడ్ రాయడమంటే ప్రూఫ్ రాసి పక్కన వివరణ పెట్టడం అనుకుంటాం. అది పనిలో తేలిక భాగం. అసలు పని, పిల్లాడు ఎక్కడ ఆగిపోతాడో ముందే పసిగట్టి ఆ చోట నిలబడి ఉండటం. ఒక ఉదాహరణ చూడండి. మొదటి బేసి సంఖ్యల మొత్తం వర్గమవుతుంది: 1 + 3 + 5 = 9, ఇలాగ. ఇండక్షన్ చాప్టర్‌లో అందరూ మొదట పెట్టే లెక్క ఇదే. టెక్స్ట్‌బుక్‌లో చివరి పదం '2ఎన్ మైనస్ 1' అని ఉంటుంది కాబట్టి పిల్లాడు లీన్‌లోనూ అలాగే రాస్తాడు. లీన్‌లో సహజ సంఖ్యలు సున్నా నుంచి మొదలవుతాయి, తీసివేతకి చాలకపోతే జవాబు సున్నా. అంటే 2 – 3 = 0. మొదటి పదం 0 – 1, అదీ సున్నాయే. ఎన్ దాకా కూడితే వాక్యం అదృష్టం కొద్దీ నిజమే అవుతుంది. ఇక ప్రూఫ్ దగ్గర మొదలవుతుంది తంతు. చివరి మెట్టులో 'రింగ్' అని కొడతాడు, బీజగణితం అంతా అదే చూసుకోవాలి. చూసుకోదు. సహజ సంఖ్యల్లో తీసివేత రింగ్‌కి అర్థం కాదు, ఆ ముక్కని ఓ మూట కట్టి పక్కన పెట్టేస్తుంది. పైగా 'ఇది కాదు, రింగ్-ఎన్‌ఎఫ్ వాడి చూడు' అని సలహా ఇస్తుంది. పిల్లాడు అదీ వాడతాడు. ఎర్రగీత పోదు. పెన్నుతో రెండు లైన్లలో అయిపోయే లెక్కకి తల ప్రాణం తోకకొస్తుంది.

అదే '2ఐ ప్లస్ 1' అని రాసి, ఐ ని సున్నా నుంచి ఎన్ మైనస్ 1 దాకా నడిపిస్తే, అంటే లీన్‌లో రేంజ్ ఎన్ అంటే, మొత్తం ప్రూఫ్ మూడు అడుగులు: చివరి పదాన్ని విడదీయడం, హైపోథిసిస్ వాడటం, రింగ్. టక్కున 'నో గోల్స్' అని వస్తుంది.

మంచి గైడ్ ఈ రెండో దారి చూపించి ఊరుకోదు. మొదటి దారిలో పిల్లాణ్ని కావాలనే ఓసారి నడిపించి, ఎర్రగీత దగ్గర ఆపి, ప్యానెల్‌లో ఏం కనిపిస్తోందో చదివిస్తుంది. ఎందుకంటే ఈ గైడ్ లేనప్పుడు రేపు వాడు ఒంటరిగా చదవాల్సింది ఆ ప్యానెల్‌నే.

నాగావళి_గట్టు
ఆగు నాయనా. రెండులోంచి మూడు తీసేస్తే సున్నానా?! సున్నాతో భాగిస్తే ఎంతంటుందో మీ లీను?

బొబ్బిలి_కోట
అదీ సున్నాయే మాస్టారూ 😀 వాస్తవ సంఖ్యల్లో 1 భాగించు 0 అంటే సున్నా.

నాగావళి_గట్టు
మా క్లాసులో ఎవడైనా ఈ మాటంటే వీపు విమానం మోత మోగిపోయేది.

చీపురుపల్లి_లెక్కలు
మాస్టారూ, నాకూ మొదట్లో ఇదే అడ్డం పడింది. లీన్‌లో ప్రతి ఫంక్షన్‌కీ ప్రతి ఇన్‌పుట్‌కీ ఏదో ఒక విలువ ఉండాలి, అందుకని పనికిరాని చోట సున్నా పెట్టేశారు. అలా అని దాన్ని అడ్డం పెట్టుకుని 1, 2 సమానమని నిరూపించలేం. ఏ ని బీ తో భాగించి మళ్లీ బీ తో గుణిస్తే ఏ వస్తుందనే సిద్ధాంతం వాడాలంటే, బీ సున్నా కాదని రుజువు చేతికివ్వమని అడుగుతుంది. మనం క్లాసులో 'బీ సున్నా కాకూడదు సుమా' అని నోటితో చెప్పి వదిలేసే షరతుని ఇది కాగితం చూపించమంటుంది.

నాగావళి_గట్టు
షరతు లెక్కలోంచి తీసి సిద్ధాంతంలో పెట్టారన్నమాట. సరే. ఒప్పుకోను గానీ అర్థమైంది.

గంటస్తంభం_దగ్గర
నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. లెక్కలు నాకు రావు, సిస్టమ్స్ గురించి ఒక మాట. మన జిల్లాల్లో డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో 4 జీబీ ర్యామ్ మెషీన్లు ఇంకా చాలా ఉన్నాయి. మా పిల్లలెవరో ఈ లీన్, మ్యాథ్‌లిబ్ ఇన్‌స్టాల్ చేయమంటే చేశాను. డౌన్‌లోడే కొన్ని జీబీలు. ఫైల్ తెరవగానే మెషీన్ బిగుసుకుపోయింది. గైడ్ మొదటి పేజీలో 'ముందుగా ఇన్‌స్టాల్ చేసుకోండి' అని రాశారంటే ఆ గైడ్ ఇక్కడ రెండో పేజీకి చేరదు.

ఎచ్చెర్ల_ట్రిపుల్‌ఐటీ
కరెక్ట్ అన్నా. లీన్ వాళ్లదే బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్ ఉంది, మ్యాథ్‌లిబ్ కూడా అందులో ఉంటుంది. మొదటి నాలుగైదు చాప్టర్లు దానిమీదే పెట్టేస్తే సరి. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది గానీ టైప్ చేయడం నరకం. బాణం గుర్తు కావాలంటే బ్యాక్‌స్లాష్ కొట్టి 'టూ' అని రాయాలి, ఫోన్ కీబోర్డులో బ్యాక్‌స్లాష్ వెతుక్కునేసరికి ఆలోచన పోతుంది.

పాలకొండ_రోడ్డు
ఇక డబ్బుల సంగతికొద్దాం, మేడమ్ అడిగింది అది కూడా.

చాప్టర్ లెక్కన మాత్రం కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. కొన్నేళ్ల క్రితం ఒక యూనివర్సిటీ దూరవిద్య వాళ్లకి స్టడీ మెటీరియల్ రాశాను, పేరెందుకులెండి. యూనిట్‌కి ఇంత అన్నారు. ఇచ్చాక ఎడిటర్ మార్పులన్నారు, ఆ మార్పుల మీద ఇంకొకాయన మార్పులన్నారు. ఫార్మాట్ మారిందన్నారు. డబ్బులు మరుసటి విద్యా సంవత్సరంలో వచ్చాయి. పుస్తకంలో నా పేరు రాలేదు. చాప్టర్ 'అయింది' అని ఎవరు, ఎప్పుడు చెబుతారు, ఎన్నిసార్లు తిరగరాయాలి, ఈ రెండూ మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట చెల్లదు.

మీరు హానరేరియం తీసుకుంటే 10 శాతం టీడీఎస్ పట్టే అవకాశం ఉంది. పాన్ ఇవ్వకపోతే 20 పట్టుకుంటారు. మీ మొత్తం ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

కాలేజీ సంగతి. మాలాంటి ప్రభుత్వ ఉద్యోగులకైతే 1964 కాండక్ట్ రూల్స్ ఉన్నాయి, డబ్బులొచ్చే బయటి పనికి ముందే అనుమతి అడగడం క్షేమం. మీది ప్రైవేటు కాబట్టి మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో అదే చట్టం. ఒకసారి తీసి చదవండి. చాలామంది జాయినైన రోజు తర్వాత దాన్ని మళ్లీ చూడరు.

బొబ్బిలి_కోట
పాలకొండ గారి మాటకి నాదొక చేర్పు. నా లెక్క ప్రకారం, రాయడానికి ఒక గంట పడితే పరీక్షించడానికి రెండు పడతాయి. పరీక్ష అంటే కోడ్ కంపైలవుతుందా అని కాదు, అది మెషీన్ చూసుకుంటుంది. ఒక విద్యార్థిని గైడ్ ముందు కూర్చోబెట్టి, మనం వెనక కూర్చుని, నోరు మెదపకుండా చూడాలి. నోరు మెదపకుండా ఉండటం లెక్చరర్లకి ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఎక్కడ ఆగాడు, ఏ లైను రెండోసారి చదివాడు, ఎక్కడ ఫోన్ తీశాడు, అన్నీ రాసుకోవాలి. చాప్టర్ లెక్కలో ఈ గంటలకి డబ్బుండదు. అందుకే గంట లెక్క అడగండి. లేదా చాప్టర్ రేటులోనే పరీక్షకి వేరే పద్దు పెట్టమనండి.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. లీన్ దాదాపు నెలకోసారి కొత్త వెర్షన్ విడుదలవుతుంది. మ్యాథ్‌లిబ్ రోజూ మారుతుంది. సిద్ధాంతం పేరు మారిస్తే పాత పేరుని కొన్ని నెలలు హెచ్చరికతో ఉంచి ఆ తర్వాత తీసేస్తారు. ఈ రోజు నడిచిన గైడ్ వచ్చే ఏడాది ఇదే రోజుకి నడుస్తుందన్న భరోసా లేదు. ప్రాజెక్టులో లీన్ వెర్షన్ రాసి ఉండే టూల్‌చెయిన్ ఫైల్, మ్యాథ్‌లిబ్ వెర్షన్ రాసి ఉండే మానిఫెస్ట్ ఫైల్ ఉంటాయి, రెండిట్లోనూ వెర్షన్ కట్టేస్తే సొంత మెషీన్‌లో తర్వాత కూడా నడుస్తుంది. బ్రౌజర్ ఎడిటర్ మాత్రం కొత్త వెర్షన్‌తో ముందుకెళ్లిపోతూ ఉంటుంది. కాబట్టి ఆరు నెలలయ్యాక దీన్ని ఎవరు చూస్తారని అడగండి. ఎవరూ లేకపోతే మెయిళ్లు మీకే వస్తాయి. మొహమాటానికి సరిచేస్తూ కూర్చుంటారు, ఊరికే.

చీపురుపల్లి_లెక్కలు
ఈ చివరి సంగతి నాకు తట్టనే లేదు. వాళ్ల మెయిల్‌లో ఆ ఊసే లేదు. మరి పేరు? గైడ్ మీద నా పేరు ఉండాలని అడగడం బాగుంటుందా?

బొబ్బిలి_కోట
అడగాల్సిందే. మ్యాథ్‌లిబ్‌లో ప్రతి ఫైల్ నెత్తిన రాసినవాళ్ల పేర్లుంటాయి, లైసెన్స్ అపాచీ 2.0. ఆ లోకంలో అది ఆనవాయితీ, మీరు కొత్తగా అడుగుతున్నట్టు ఉండదు. గైడ్‌ని కూడా ఓపెన్ లైసెన్స్ మీద పెట్టమనండి. రేపు మీ కాలేజీలో మీరే వాడుకోవాలంటే వాళ్ల అనుమతి కోసం ఎదురుచూడక్కర్లేదు.

రాసే ముందు ముఖ్యంగా చూడాల్సింది చెబుతాను: జెరెమీ అవిగాడ్, పాట్రిక్ మసో రాసిన 'మ్యాథమెటిక్స్ ఇన్ లీన్' పుస్తకం. వివరణ తక్కువ, అభ్యాసాలు ఎక్కువ. ప్రూఫ్‌లో ఖాళీ చోట 'సారీ' అని పెట్టి వదులుతారు. లీన్ దానికి పసుపు గీత గీసి ఊరుకుంటుంది, మిగతాదంతా నడుస్తుంది. పిల్లాడు ఒక్కో సారీని తీసేస్తూ పోతాడు. మనదేశంలో అయితే బెంగళూరు ఐఐఎస్సీలో సిద్ధార్థ గాడ్గిల్ గారు లీన్‌తో 'ప్రూఫ్స్ అండ్ ప్రోగ్రామ్స్' కోర్సు చెబుతారు. అదీ చూడండి.

పలాస_జీడితోట
మా తమ్ముడు సెప్టెంబరులో యూకే వెళ్తున్నాడు, ఎమ్మెస్సీ మ్యాథ్స్. వాడికి అక్కడ ఇలాంటి పని దొరుకుతుందా? పెట్రోల్ బంకులో నిలబడే కంటే నయం కదా.

బొబ్బిలి_కోట
ఏ యూనివర్సిటీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. లీన్ వాడే డిపార్ట్‌మెంటు అయితే అడిగి చూడొచ్చు. ఇంపీరియల్‌లో బజార్డ్ గారు 2024 నుంచి ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని లీన్‌లోకి ఎక్కించే ప్రాజెక్టు నడుపుతున్నారు. అమెరికాలో కార్నెగీ మెలన్‌లో 2021లో చార్లెస్ హాస్కిన్సన్ ఇచ్చిన 2 కోట్ల డాలర్లతో ఫార్మల్ మ్యాథమెటిక్స్‌కే ఒక కేంద్రం పెట్టారు. అలాగని వెళ్లగానే పని చేతిలో పెడతారని ఆశపడొద్దు.

వీసా సంగతి జాగ్రత్త. యూకేలో డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అన్ని పనులూ కలిపి. ఇంకా ముఖ్యం, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కుదరదు. 'ఇన్‌వాయిస్ పంపు, డబ్బులేస్తాం' అంటే అది ఆ కిందికే వస్తుంది. యూనివర్సిటీ పేరోల్ మీద పెట్టుకుంటేనే చేయమనండి.

పలాస_జీడితోట
ఇది తెలియక ఇన్‌వాయిస్ పంపేసేవాడు. థాంక్స్ అన్నా.

నాగావళి_గట్టు
అమ్మా చీపురుపల్లీ, ఇంతకీ ఏం చేద్దామనుకుంటున్నావు?

చీపురుపల్లి_లెక్కలు
మాస్టారూ, నిన్న వాళ్లకి మెయిల్ పెట్టాను, ఇవాళ మధ్యాహ్నం జవాబొచ్చింది. మొదటి రెండు చాప్టర్లకి గంట లెక్క ఇస్తామన్నారు, అవి చూశాక మిగతా వాటికి చాప్టర్ రేటు మళ్లీ మాట్లాడుకుందామన్నారు. పరీక్షకి వేరే పద్దు ఒప్పుకోలేదు గానీ ఆ గంటలు కూడా రాసి పంపమన్నారు. పేరు ఉంటుంది. తిరగరాయడం రెండుసార్లకి మించదు. ఆరు నెలల తర్వాత ఎవరు చూస్తారన్నదానికి మాత్రం 'డిపార్ట్‌మెంటు పరిశీలిస్తుంది' అని ఒక్క ముక్క రాశారు.

పాలకొండ_రోడ్డు
'పరిశీలిస్తుంది' అంటే ఎవరూ చూడరని. అది తెలిసే ఒప్పుకోండి.

చీపురుపల్లి_లెక్కలు
తెలిసే ఒప్పుకుంటున్నాను సార్. వెర్షన్ కట్టేసి, ఏ వెర్షన్ మీద రాశానో మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో వేస్తాను. బ్రౌజర్ మీద నడిచే చాప్టర్లలో లైబ్రరీ సిద్ధాంతాలు వీలైనంత తక్కువ వాడతాను, పేర్లు మారినా పెద్దగా దెబ్బతినకుండా. ఆ పైన వచ్చే మెయిళ్లకి జవాబివ్వను. ఇవ్వననే అనుకుంటున్నాను.

ఇండక్షన్ చాప్టర్ చిత్తుప్రతి సగం అయింది. బొబ్బిలి గారు చెప్పిన బేసి సంఖ్యల లెక్కనే పెట్టాను, రెండు దారులూ. కూర్చుని చేసి చూసేవాళ్లు కావాలి. లీన్ ముఖం చూడనివాళ్లయితే మరీ మంచిది.

ఎచ్చెర్ల_ట్రిపుల్‌ఐటీ
మేడమ్, నాకు వచ్చేసింది కాబట్టి నేను పనికిరాను. మా జూనియర్లు ముగ్గురున్నారు, ఆదివారం ఖాళీ. ఆమదాలవలస నుంచి రైలెక్కితే విజయనగరం గంటే కదా, వచ్చేస్తారు.

నాగావళి_గట్టు
నన్నూ రాసుకో. కంప్యూటర్ ముఖం చూడనివాడు కావాలంటే నాకంటే అర్హుడు ఈ రెండు జిల్లాల్లో దొరకడు. కాకపోతే నోరు మెదపకుండా ఉండాల్సింది నువ్వు. నేను మాత్రం తిట్టుకుంటూనే చేస్తాను.

గంటస్తంభం_దగ్గర
ఆదివారం ల్యాబ్ తాళం తీయడానికి ప్రిన్సిపాల్ గారిని అడగాలి, శనివారం రెండు దాటాకైతే అడగక్కర్లేదు. కిటికీ వైపు వరసలో ఆరు మెషీన్లకి 8 జీబీ ఉంది, వాటి మీదే కూర్చోండి. ప్రింటర్ పనిచేయడం లేదు, దాని గురించి నన్నడక్కండి.